సాంకేతిక ప్రగతి - చివరి నాలుగు మైళ్ళు

ప్రపంచం కుగ్రామంగా మారిపోయిందని ఏ సభకు వెళ్ళినా వింటున్నాం. ఆ మాట చెప్పేవారు సాధారణంగా కుగ్రామంలో ఉండరు. అక్కడ ఉండేవారిని అడిగితే ఇంకో సంగతి చెబుతారు. గల్ఫ్‌లో ఉన్న చిన్నాన్నతో వీడియోలో మాట్లాడవచ్చుగాని, సాయంత్రం ఆరు దాటితే మండల కేంద్రం నుంచి ఊరు చేరడానికి బండి దొరకదంటారు. రెండూ నిజాలే. ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో ఉన్న నిజాలు.

మిత్రులారా! మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఒక సౌకర్యం గొప్పతనాన్ని దాని వేగంతో కొలవకూడదు. అది చివరి మనిషి గడపదాకా వస్తున్నదా, మధ్యలో ఎక్కడైనా ఆగిపోతున్నదా అని చూడాలి. ఆ చివరి నాలుగు మైళ్ళు మనల్ని దాటించేవి ఎవరికివారు కొనుక్కునే వస్తువులు కావు, అందరికీ కలిపి ఉండే ఏర్పాట్లు. ఊరికొచ్చే బస్సు అలాంటిది. మన హాస్టల్ అలాంటిది. వీటిని వదులుకొని ఎన్ని కొత్త వస్తువులు కొనుక్కున్నా మనం ముందుకు పోలేమన్నది మా వాదన.

దీనికి బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితమే సాక్ష్యం. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో ఆయనే ఈ సంగతి రాసుకున్నారు. 1901లో ఆయన ఇంకా చిన్నపిల్లవాడు. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తూ, వేసవి సెలవులకు రమ్మని పిల్లలకు కబురు చేశారు. వస్తున్నామని పిల్లలు ముందుగా ఉత్తరం రాసి, కొత్త బట్టలు వేసుకొని, రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగారు. ఎదురు రావడానికి ఎవరూ లేరు. ఉత్తరం గోరేగావ్ చేరిందిగాని, దాన్ని అందుకున్న నౌకరు తండ్రికి ఇవ్వడం మరిచిపోయాడు. బయట ఎడ్లబళ్ళున్నాయి. ఈ పిల్లలు మహర్లని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగ ఇస్తామంటే, బండి మీరే తోలుకోండి, నేను పక్కన నడిచి వస్తానన్న షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో తాగడానికి మంచినీళ్ళు పుట్టలేదు.

ఇందులో ఒక్క విషయం గమనించండి. ఆ రోజులకు రైలూ తపాలా కొత్త కాలపు సౌకర్యాలే. రెండూ తమ పని చేశాయి. రైలు పిల్లల్ని మసూర్ చేర్చింది, తపాలా ఉత్తరాన్ని గోరేగావ్ చేర్చింది. తేడా వచ్చిందల్లా స్టేషన్ నుంచి ఇంటిదాకా, నౌకరు చేతి నుంచి తండ్రి చేతిదాకా. ఒకచోట మరుపు అడ్డుపడింది, ఇంకోచోట కులం అడ్డుపడింది.

పెద్ద చదువులు చదివి బారిస్టరై వచ్చాకైనా ఆ నాలుగు మైళ్ళు తగ్గాయా అంటే తగ్గలేదు. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో సభ్యుడిగా తిరుగుతూ ఆయన చాలీస్‌గావ్‌లో దిగారు. టాంగాకు బాడుగ ఇచ్చినా, ఆయన్ని ఎక్కించుకొని తోలడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. తోలడం అలవాటు లేని తమవాడే ఒకడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద టాంగా ప్రమాదానికి గురై బాబాసాహెబ్ కిందపడ్డారు, కాలు విరిగింది. ఆయన డిగ్రీలు సముద్రాలు దాటి వచ్చాయి. టాంగా మాత్రం స్టేషన్ నుంచి వాడదాకా సరిగ్గా రాలేకపోయింది.

ఇప్పుడు మన బస్సు దగ్గరకు వద్దాం. నిజాం రాష్ట్రంలో 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఒక దశలో ప్రపంచంలో అత్యధిక బస్సులున్న సంస్థగా 1999లో గిన్నిస్ పుస్తకానికి కూడా ఎక్కింది. ఆ రికార్డు గొప్పదే. దానికన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. కండక్టరు టిక్కెట్టుకు డబ్బులడిగాడుగాని కులం అడగలేదు. బస్సులోపల చూపులు, గుసగుసలు లేవని మేము అనం. అయినా టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి దిగిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు. బండి నువ్వే తోలుకో అనే షరతు లేదు. ఎడ్లబండికీ ఎర్రబస్సుకూ మధ్య అసలు తేడా ఇంజనులో లేదు, ఈ నియమంలో ఉంది.

నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరివాళ్ళకు ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. రాత్రికి ఊళ్ళో ఆగి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు కదిలిందంటే అందులో కూరగాయల గంపలు, పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ ఉంటారు. మనలో ఎంతోమంది అలాంటి బస్సులోనే ట్రంకుపెట్టె, పళ్ళెం, గ్లాసు పట్టుకొని హాస్టలుకు వచ్చినవాళ్ళం. ఆ బస్సు లేకపోతే మన చదువు ఏడో తరగతి దగ్గరే ఆగేది.

ఆ బస్సు ఇవాళ చాలా రూట్లలో తగ్గిపోయింది. కారణం అడిగితే నష్టాల రూటు అంటారు. ఆటోలొచ్చాయి, మోటారు సైకిళ్ళొచ్చాయి, జనం ఎక్కడం లేదంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే బండి కొనగలిగినవాడు బస్టాండులో నిలబడడం మానేస్తాడు. నిలబడడం మానేసినవాడు బస్సు ఎందుకు రాలేదని అడగడం కూడా మానేస్తాడు. ఇక మిగిలేది అడిగే గొంతు లేనివాళ్ళు. ముసలివాళ్ళు, ఆడపిల్లలు, బడిపిల్లలు. వాళ్ళు ఆటోలో వేలాడుతూ పోతారు. ఆటో నిండితేగాని కదలదు. పరీక్ష టైముకు నిండుతుందన్న హామీ లేదు. ఒక్కో మోటారు సైకిల్ మీద ముగ్గురు కుర్రాళ్ళు పోవడం సరదా అనుకుంటాంగాని, కొన్ని ఊళ్ళలో బస్సు లేకపోవడమే దానికి కారణం.

మహిళలకు ఉచిత ప్రయాణం గురించి కూడా మా అభిప్రాయం చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇది మొదలైంది. సీట్లు దొరకడం లేదని, ఊరికే తిరుగుతున్నారని వెక్కిరించేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము ఒక్కటే అడుగుతున్నాం. హాస్టల్లో ఉన్న బిడ్డను చూడటానికి ఒక తల్లి నెలకొకసారి రావడం ఊరికే తిరగడమా? కూలి డబ్బులు చార్జీలకే పోతాయని పండుగకు తప్ప రాని తల్లులు ఇప్పుడు జీరో టిక్కెట్టు మీద ఆదివారం వస్తున్నారు. డబ్బాలో పచ్చడి తెస్తున్నారు, వార్డెన్ సార్‌ను కలిసి మార్కులు అడుగుతున్నారు. చదువుకు ఇంతకన్నా మేలు చేసే పథకం ఏముంది? కాకపోతే బస్సే రాని ఊళ్ళో జీరో టిక్కెట్టు పనిచేయదు. టిక్కెట్టు ఉచితం చేసినంత గట్టిగా ట్రిప్పులు కూడా పెంచాలి.

ఇక సెల్‌ఫోన్. 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి మన దేశంలో తొలి మొబైల్ కాల్ వెళ్ళింది. ఒకప్పుడు హాస్టల్ పిల్లలు రూపాయి కాయిన్ బాక్సు ముందు వరుసకట్టి, ఊళ్ళో ఎవరిదో పి.పి. నంబరుకు చేసి, అమ్మను పిలిపించమని బతిమాలేవారు. ఆ బాధ పోయింది. సంతోషం. కాని ఫోను రావడంతో దూరం మొత్తం పోయిందా?

2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టళ్ళు మూశారు. పిల్లలు ఇళ్ళకు పోయారు. పాఠాలు ఆన్‌లైన్ అన్నారు. ఇంటికొక ఫోను ఉంటే అది పొద్దున్నే నాన్నతోపాటు పనికి పోయేది. ఇద్దరు పిల్లలుంటే ఎవరి పాఠం వినాలో తేలేది కాదు. అప్పుడు కొంతైనా ఆదుకున్నది టీవీ. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళు పాఠాలు ప్రసారం చేశాయి. పక్కింటి టీవీ ముందు నలుగురు కూర్చోవచ్చు. అరచేతిలోని ఫోను ముందు నలుగురు కూర్చోలేరు. స్టడీ అవర్, ట్యూటర్, రాత్రిపూట కరెంటు దీపం, పక్కన చదివే స్నేహితుడు - ఇవన్నీ కలిపి హాస్టల్ అనే ఏర్పాటు ఎంత విలువైనదో అది మూతపడ్డాకే బయటివాళ్ళకు తెలిసింది.

ఇవాళ ఉన్న చిక్కు ఇంకొకటి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైనప్పుడు అంతా కాగితం మీదే. ఇప్పుడు దరఖాస్తు, రెన్యువల్, కౌన్సెలింగ్ అన్నీ ఆన్‌లైన్. దళారీలు తగ్గారు, పైసలు నేరుగా ఖాతాలో పడుతున్నాయి. ఇది మంచి మార్పని మేము ఒప్పుకుంటాం. కాని నెట్ సెంటర్లో కూర్చున్న పిల్లవాడి ఓటీపీ ఎక్కడికి పోతుంది? ఆధార్‌కు కలిపిన అమ్మ నంబరుకు. ఆ ఫోను ఆ వేళకు పత్తి చేలో గట్టు మీద సంచిలో ఉంటుంది. అమ్మ చూసి, చదివించుకొని, తిరిగి చెప్పేలోపు గడువు అయిపోతుంది. వేలిముద్ర వేద్దామంటే, ఇటుకలు మోసి అరిగిపోయిన వేళ్ళను మిషన్ గుర్తుపట్టదు. మసూర్ స్టేషన్లో జరిగినట్టే ఇక్కడ కూడా కబురు చేరుతుంది, చేరవలసినవారి చేతికి మాత్రం అందదు.

ఫోను పిల్లల్ని చెడగొడుతుంది, హాస్టల్లో ఫోను పేరెత్తవద్దని కొందరు పెద్దలు అంటారు. కాలం మారింది, ప్రతి విద్యార్థి చేతికీ ఫోను ఇవ్వాల్సిందేనని కొందరు తమ్ముళ్ళు అంటారు. మేము ఈ రెండింటికీ ఒప్పుకోం. మొదటిది మనల్ని వెనక్కి తోస్తుంది. రెండోది కొనగలిగినవాడికీ కొనలేనివాడికీ మధ్య హాస్టల్లోనే గోడ కడుతుంది. ఒకే పళ్ళెం, ఒకే సాంబారు, ఒకే వరుస అని నేర్పిన చోట ఆ గోడ లేవకూడదు. ఫోనైనా కంప్యూటరైనా, గ్రంథాలయంలో పుస్తకంలాగా అందరికీ కలిపి ఉండాలి.

అందుకని ఈ వార్షికోత్సవ సందర్భంగా మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం. మొదటిది, ప్రతి హాస్టల్లో తల్లిదండ్రుల కోసం ఒక ఉమ్మడి ఫోను ఉండాలి. ఆ నంబరు ప్రతి ఇంట్లో గోడమీద రాసి ఉండాలి. రెండోది, నెట్ ఉన్న ఒకటి రెండు కంప్యూటర్లు ఉండాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తులప్పుడు, ఎంట్రెన్స్ కౌన్సెలింగ్ అప్పుడు పూర్వ విద్యార్థులు వంతులవారీగా వచ్చి దగ్గర కూర్చోవాలి. తల్లుల ఆధార్‌కు ఏ నంబరు కలిపి ఉందో ముందే చూసి, ఓటీపీ వచ్చే రోజు, వేళ వాళ్ళకు చెప్పి ఉంచాలి. మూడోది, బస్సు లేని ఊళ్ళ జాబితా విద్యార్థులే రాయాలి. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏ వేళకు బస్సు కావాలి అని లెక్క కట్టి, సంతకాలతో డిపో మేనేజరుకు ఇవ్వాలి. డిపోల్లో జరిగే డయల్ యువర్ డి.ఎం. కార్యక్రమానికి ఫోను చేసి మళ్ళీ మళ్ళీ అడగాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీకు ఉద్యోగాలొచ్చాయి, కార్లొచ్చాయి. మాకు అది గర్వకారణం. హాస్టలుకు వచ్చినప్పుడు మీకు శాలువాలు కప్పడం మాకు ఇష్టమే. కాని ఈసారి శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బులు ఒక కంప్యూటరుకు పెడదాం. డిపోకు ఇచ్చే వినతిపత్రం మీద మొదటి సంతకం మీరు చేయండి. కారులో తిరిగే ఉద్యోగి బస్సు కావాలని అడిగితే డిపో మేనేజరు తప్పక వింటారు. మీకు ఆ బస్సు అవసరం లేదు. మీ ఊళ్ళో ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న పిల్లకు అవసరం.