అరువు కోడు... బరువు బాధ్యత!

2020 జులై 10. చాలా దేశాల్లో ఐఫోన్‌ వాడేవాళ్లకు వింత అనుభవం. పాటలు విందామని స్పాటిఫై నొక్కితే, తెరుచుకున్నట్టే తెరుచుకుని టక్కున మూసుకుపోయింది. పింటరెస్ట్‌, టిండర్‌లదీ అదే తంతు. ఫోన్‌ ఆపి మళ్లీ ఆన్‌ చేసినా ఫలితం లేదు. తీరా చూస్తే తప్పు ఆ యాప్‌లు రాసినవాళ్లది కాదు. ఫేస్‌బుక్‌ది!

పాటల యాప్‌కీ ఫేస్‌బుక్‌కీ ఏమిటి సంబంధం? ‘ఫేస్‌బుక్‌ ఖాతాతో ప్రవేశించండి’ అనే బటన్‌ కోసం, ప్రకటనల లెక్కల కోసం ఫేస్‌బుక్‌ ఇచ్చే కోడ్‌ను చాలా యాప్‌లు తమలో కలుపుకుంటాయి. ఆ రోజు ఫేస్‌బుక్‌ తన వైపు చేసిన ఒక మార్పుతో ఆ కోడ్‌ తడబడింది. యాప్‌ తెరవగానే పని మొదలెట్టేది కాబట్టి, తనతోపాటు యాప్‌నూ కూల్చేసింది. ఫేస్‌బుక్‌ ఖాతాతో ఏ పనీ లేనివాళ్లకూ తిప్పలు తప్పలేదు. అంతకు రెండు నెలల ముందు, మే 6నా ఇలాగే జరిగింది.

ఇలా బయటి నుంచి తెచ్చుకునే కోడ్‌నే ‘థర్డ్‌ పార్టీ లైబ్రరీ’ అంటారు. యాప్‌ వాటి మీద ఆధారపడటమే ‘డిపెండెన్సీ’. ఫొటోలు చూపడానికొకటి, మ్యాపులకొకటి, చెల్లింపులకొకటి... అన్నీ సొంతంగా రాయాలంటే ఏళ్లు పడుతుంది మరి. పెళ్లివారు షామియానా, వంట, సన్నాయి బయటివాళ్లకు అప్పగించినట్టే ఇదీ. వంటమేస్త్రీ తన వెంట మరో నలుగురిని తెచ్చుకుంటాడు. వాళ్లెవరో పెళ్లివారికి తెలియదు. లైబ్రరీ కూడా తనకు కావాల్సిన మరికొన్ని లైబ్రరీలను వెంటబెట్టుకొస్తుంది. సాంబారు మాడితే మాటపడేది మాత్రం పెళ్లివారే!

చిన్నదే కదా అని తీసిపారేయడానికీ లేదు. 2016 మార్చిలో అజెర్‌ కోచులు అనే ప్రోగ్రామర్‌, ‘ఎన్‌పీఎం’ అనే కోడ్‌ భాండాగారంతో ఒక పేరు విషయంలో తగవుపడి తన లైబ్రరీలన్నీ తీసేశాడు. వాటిలో ‘లెఫ్ట్‌ప్యాడ్‌’ ఒకటి. ఉన్నది 11 వరుసలే! అదిలేక ఎన్నో ప్రాజెక్టుల పని ఆగిపోయింది. మొబైల్‌ యాప్‌లు తయారుచేసే రియాక్ట్‌ నేటివ్‌కూ ఆ సెగ తగిలింది. చివరికి ఎన్‌పీఎం దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టాల్సి వచ్చింది.

అలాగని ఒకసారి తెచ్చుకున్నదాన్ని కదపకుండా ఉంచడమూ ముప్పే. ఐఫోన్‌ యాప్‌లు నెట్‌తో మాట్లాడటానికి వాడిన ‘ఏఎఫ్‌నెట్‌వర్కింగ్‌’ 2.5.1 వెర్షన్‌లో 2015లో ఓ లోపం బయటపడింది. అవతల ఉన్నది అసలు సర్వరో, నకిలీయో అది సరిచూసేది కాదు. 2.5.2లో దాన్ని సరిదిద్దారు. పాతదాన్నే పట్టుకుని ఉన్న యాప్‌ల సమాచారానికి మాత్రం ముప్పు తొలగలేదు.

మరి దారేది? ముందుగా, నాలుగు వరుసల్లో తేలే పనికి లైబ్రరీ అవసరమా అని ఆలోచించాలి. తెచ్చుకుంటే వెర్షన్‌ నంబర్‌ కచ్చితంగా రాసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కొందరు నంబర్‌ బదులు ‘+’ గుర్తు పెట్టి వదిలేస్తారు. కొత్తది ఏదొస్తే అది చెప్పాపెట్టకుండా వచ్చి చేరుతుంది. నిన్న పనిచేసిన యాప్‌ ఇవాళ ఎందుకు మొరాయించిందో అంతుపట్టదు. మార్చేటప్పుడు ఒక్కోదాన్నే మార్చి, పరీక్షించి విడుదల చేయాలి. వెంట వచ్చినవాటితో సహా అన్నింటి జాబితా దగ్గరుండాలి. వెర్షన్‌ బిగించినంత మాత్రాన అంతా భద్రమనీ కాదు. ఫేస్‌బుక్‌ ఉదంతంలో మార్పు జరిగింది ఫోన్‌లోని కోడ్‌లో కాదు, అవతలి వైపు. అందుకే యాప్‌ తెరవగానే కాక, అవసరమైనప్పుడే లైబ్రరీ పని మొదలెట్టేలా చూసుకోవడం మేలు.

ఇది ప్రోగ్రామర్ల గొడవే అనుకుంటే పొరపాటు. ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో ఓ యాప్‌కు ‘లొకేషన్‌’ అనుమతి ఇస్తే, అందులోని లైబ్రరీలకూ ఇచ్చినట్టే. అందుకే అవి సేకరించే సమాచారానికీ యాప్‌ తయారీదారే జవాబుదారీ అని గూగుల్‌ ప్లే నిబంధన. ఎక్కువగా వాడే లైబ్రరీలు కొన్ని ఏ సమాచారం తీసుకుంటాయో ప్రకటించాలని యాపిల్‌ కూడా 2024 మే 1 నుంచి షరతు పెట్టింది.

కోడ్‌ను అరువు తెచ్చుకోవచ్చు. బాధ్యతను మాత్రం ఎవరికీ అప్పగించలేం!