తొలి ఏడాది రూపాయలు లెక్కపెట్టొద్దు

రెండేళ్ల కిందట మే నెలలో డైరీలో ఒక మాట రాసుకున్నాను: ‘డిసెంబరుకల్లా నెలకు 30 వేలు.’ కింద రెండు గీతలు కూడా కొట్టాను. అప్పటికి నా దగ్గరున్న సరుకు ఒకే ఒక్క పీడీఎఫ్. ఏడో తరగతి లెక్కల వర్క్‌షీట్లు, 40 పేజీలు. ఇన్‌స్టాగ్రామ్‌లో 140 మంది ఫాలోవర్లు, అందులో సగం మా బీఈడీ బ్యాచే. ధర 99 రూపాయలు పెట్టాను. నెల తిరిగేసరికి నాలుగు అమ్ముడుపోయాయి. రెండు నా క్లాస్‌మేట్లు కొన్నారు. ఒకటి మా బావ కొన్నాడు (ఆయనది సిమెంటు వ్యాపారం, ఏడో తరగతి లెక్కలతో ఆయనకేం పని!). ముఖం తెలియని మనిషి కొన్నది ఒక్కటంటే ఒక్కటి.

ఈ మధ్య బీఈడీ, డీఈడీ చదువుతున్న జూనియర్లు చాలామంది నాకు మెసేజ్ చేస్తున్నారు. ‘అక్కా, నేను కూడా నోట్స్, వర్క్‌షీట్లు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నా. నెలకు ఎంతొస్తుంది?’ అని. ప్రశ్నలోనే తేడా ఉందని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఇదంతా.

ఈ ఆలోచన ఎందుకొస్తుందో నాకు బాగా తెలుసు. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష రాసింది 2024లో, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. ఈ మధ్యలో ఏళ్లకేళ్లు ఏం తిని బతకాలి? ప్రైవేటు స్కూల్లో నాకు మొదట ఇచ్చిన జీతం 9 వేలు. చేతిలో పాఠం చెప్పే విద్య ఉంది, ఫోన్ ఉంది, యూపీఐ ఉంది. అమ్మితే తప్పేముంది? తప్పేమీ లేదు. నేను ఇప్పటికీ అమ్ముతున్నాను. తప్పల్లా డైరీలో రాసుకున్న ఆ మాటలోనే ఉంది.

ఆ 30 వేలు నాకు కలలో వచ్చిన అంకె కాదు. ‘ఒక్కసారి తయారుచేసి పెట్టండి, నిద్రపోతున్నా డబ్బులొస్తాయి’ అని ఒకాయన వీడియోలో చెప్పాడు. ఆయన కోర్సు ఫీజు 4,999 రూపాయలు. అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పులోంచి ఆ డబ్బు ఇచ్చింది. కోర్సులో లోగో ఎలా చేయాలో ఉంది, ‘మైండ్‌సెట్’ మీద మూడు గంటలు ఉంది. ఏడో తరగతి టీచరుకు ఏం కావాలో మాత్రం ఎక్కడా లేదు. నేను కూడా బుద్ధిగా మూడు రాత్రులు కూర్చుని లోగో చేశాను.

కోర్సులో ఎవరూ చేయించని లెక్క ఒకటి ఇక్కడ చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. మీ పీడీఎఫ్ ధర 49 రూపాయలు అనుకోండి. నెలకు 30 వేలు రావాలంటే 612 అమ్మాలి. అంటే రోజుకు 20. నా పేజీ చూసినవాళ్లలో కొన్నది దాదాపు నూటికి ఒక్కరు. ఆ లెక్కన నెలకు 61 వేల మంది నా పేజీకి రావాలి. నాకున్నది 140 మంది. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే అది సాధారణంగా 2 శాతం తీసుకుంటుంది, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. 49 రూపాయలకు ఒక రూపాయి 16 పైసలు పోతాయి. ఇది పెద్ద దెబ్బేం కాదు. నేరుగా యూపీఐలో తీసుకుంటే ఆ రూపాయి కూడా మిగులుతుంది. కాకపోతే రాత్రి 11 గంటలకు ‘మేడం, డబ్బులు పంపించా, ఫైల్ రాలేదు’ అని ఫోనొస్తుంది. లేచి పంపాలి. నిద్రపోతున్నా డబ్బులొస్తాయన్న మాట అక్కడే తేలిపోతుంది.

మొదటి ఏడాది మొత్తం నా లెక్క ఇది. 99 రూపాయలవి 46, 49 రూపాయలవి 139 అమ్మాను. చేతికొచ్చింది 11,365. అందులో కోర్సుకు 4,999, గేట్‌వేకు 268, జిరాక్సులకూ నెట్‌కూ 1,500 పోతే మిగిలింది 4,598. రోజుకు ఒక గంట చొప్పున ఏడాదిలో 300 గంటలు కూర్చున్నాను. గంటకు 15 రూపాయలు పడింది. ఉపాధి హామీ పనికెళ్లినా ఇంతకన్నా ఎక్కువే వచ్చేది.

ఇది చదివి ‘అయితే మానేద్దాం’ అనుకుంటే నేను చెప్పేది సగమే విన్నట్టు. ఆ ఏడాదిలో నాకు బాగా అక్కరకొచ్చింది డబ్బు కాదు, ఒక ఫోన్ కాల్. ఆగస్టులో ఒక గవర్నమెంట్ స్కూల్ మేడం ఫోన్ చేశారు. ‘వర్క్‌షీట్లు మంచిగున్నయమ్మా. గానీ జిరాక్స్ తీస్తే మొత్తం నల్లగొస్తున్నయ్. పిల్లలు యాడ రాయాలె?’ అన్నారు. నేను ప్రతి పేజీకి నీలం రంగు బ్యాక్‌గ్రౌండ్ వేశాను, మూలల్లో పూలు పెట్టాను. ఫోన్‌లో చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఆ మేడం మాత్రం 32 మంది పిల్లలకు సొంత డబ్బుతో జిరాక్స్ తీయించుకుంటున్నారు. ఆమెకు కావాల్సింది తెల్ల కాగితం, పెద్ద అక్షరాలు, లెక్క చేసుకోవడానికి ఖాళీ. వీలైతే ఒకే పేజీలో రెండు వర్క్‌షీట్లు, మధ్యలో కత్తిరించుకుంటే ఖర్చు సగం. ఆ వారమే అన్ని పేజీలూ మార్చాను. ఆమె ఇప్పటికి తొమ్మిది సార్లు కొన్నారు. వాళ్ల కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇంకో ఆరుగురికి చెప్పారు.

డబ్బు లక్ష్యం పెట్టుకుంటే ఇలాంటి కాల్ చిరాకు పుట్టిస్తుంది. 49 రూపాయలకు ఇన్ని మాటలా అనిపిస్తుంది. ‘ఈ మూడు నెలల్లో నా వర్క్‌షీట్ పది క్లాసుల్లో వాడాలి’ అని పెట్టుకున్నవాళ్లకు ఆ కాలే జీతం. అందుకే నా మాట: మొదటి ఏడాది లక్ష్యంలో రూపాయి గుర్తు ఒక్కచోటే ఉండాలి, పెట్టిన ఖర్చు తిరిగి రావడం దగ్గర. మిగతావన్నీ మీ చేతిలో ఉండేవే పెట్టుకోండి. ఎవరు కొంటారన్నది మన చేతిలో లేదు. వారానికి ఒక పాఠానికి వర్క్‌షీట్ పూర్తిచేయడం మన చేతిలో ఉంది. దాన్ని బయట పెట్టే ముందు కనీసం ఒక్క నిజమైన క్లాసులో పిల్లలతో చేయించి చూడటం కూడా. ట్యూషన్ పిల్లలైనా ఫర్వాలేదు, పక్కింటి బాబైనా ఫర్వాలేదు. నేను పది నిమిషాల్లో అయిపోతుందనుకున్న భిన్నాల పేజీకి మా స్కూల్లో పిల్లలకు 35 నిమిషాలు పట్టింది. ఆ సంగతి ఇంట్లో కూర్చుంటే తెలియదు.

‘పెద్ద కలలు కనాలి కదా అక్కా’ అని ఒక తమ్ముడు వాదించాడు. కలకేం, కనొచ్చు. పదో తరగతి మొత్తం, అన్ని సబ్జెక్టులు, రెండు మీడియాలు, నెలలో దించేస్తానన్నాడు. మూడో వారానికి ఆపేశాడు. అతను బద్ధకస్తుడు కాదు, లక్ష్యమే అతన్ని ఓడించింది. ఒక తరగతి, ఒక సబ్జెక్టు, ఒకే రాష్ట్రం సిలబస్‌తో మొదలుపెట్టి ఉంటే ఇప్పటికీ చేస్తూ ఉండేవాడు. రాష్ట్రం అని ఎందుకంటున్నానంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు వేర్వేరు. పాఠం పేరు ఒకటే అయినా లోపల లెక్కలు వేరు. ‘రెండు తెలుగు రాష్ట్రాలకూ’ అని రాసి అమ్మితే ఇద్దరి దగ్గరా మాట పడాలి. పుస్తకం మారిన ఏడాది మీ పాత ఫైలు చెల్లని నోటే. ఒక్కసారి చేసి పెడితే చాలన్నది అక్కడ కూడా నిలవదు.

నెలవారీ లక్ష్యం కూడా ఈ పనికి నప్పదు. స్కూళ్లు తెరిచే జూన్, జూలైలో నాకు బాగా పోతాయి. మళ్లీ సంక్రాంతి సెలవుల తర్వాత పరీక్షల హడావుడిలో పోతాయి. దసరా సెలవుల్లో, మేలో సున్నా. మొదటి ఏడాది అక్టోబరులో రెండే అమ్ముడైతే నా పని అయిపోయిందనుకుని ఏడ్చాను. స్కూళ్లు మూసి ఉంటే ఎవరు కొంటారన్న ఇంగితం కూడా లేకపోయింది. రైతు విత్తనాలు వేసిన నెలలోనే పంట రాలేదని ఏడ్వడు కదా.

కొన్ని జాగ్రత్తలు త్వరత్వరగా చెప్తాను. పాఠ్యపుస్తకం పేజీలు స్కాన్ చేసి, కోచింగ్ సెంటర్ నోట్స్‌కు మీ పేరు తగిలించి అమ్మొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. టీచరు క్లాసులో పాఠం చెప్పడానికి వాడుకోవడం వేరు, డబ్బులకు అమ్ముకోవడం వేరు. గూగుల్‌లో కనిపించిన బొమ్మలు కూడా అంతే. పైథాగరస్ సిద్ధాంతం ఎవరి సొత్తూ కాదు, దాని మీద మీరు సొంతంగా రాసిన లెక్క మీది. రెండోది, ఉచితంగా దొరికేదాన్ని మళ్లీ తయారుచేయొద్దు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. 2017లో మొదలైన దీక్ష వేదికలో పాఠాలూ ఉచితమే. వాటిలో లేనిది ఏమిటన్నదే మీ సరుకు. ఇంకో సంగతి, తెలుగు అక్షరాలు. పాత అను ఫాంట్లలోని మెటీరియల్‌ను యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు అటూ ఇటూ అవుతాయి. ఒకటో తరగతి పిల్లాడికి తప్పు వత్తు అమ్మడం కన్నా ఆ రోజు ఏమీ అమ్మకపోవడం నయం. ఇంకొకరితో చదివించండి.

పైరసీ సంగతి ముందే తెలిసుంటే నాకు అంత దెబ్బ తగిలేది కాదు. రెండో ప్యాక్ పెట్టిన ఆరు వారాలకు అది ఒక టెలిగ్రామ్ గ్రూపులో కనిపించింది. నా లోగోతో సహా. మూడు రాత్రులు కూర్చుని చేసిన లోగో చివరికి అక్కడ పనికొచ్చింది, ఫైలు నాదేనని చూపించడానికి. ఫిర్యాదు చేశాను, తీసేశారు, నాలుగు రోజులకు ఇంకో గ్రూపులో వచ్చింది. ఇప్పుడు ప్రతి పేజీ అడుగున కొన్నవాళ్ల పేరు వేసి పంపిస్తున్నాను. పూర్తిగా ఆగలేదు, కొంత తగ్గింది. లక్ష్యం వేసుకునేటప్పుడే ఇది లెక్కలో ఉంచుకోవాలి. వాడేవాళ్లందరూ కొనరు.

డీఎస్సీకి చదువుతున్నవాళ్లకు ఒక మాట. పాఠం మీద ప్రశ్నలు తయారుచేయడం ప్రిపరేషన్‌కు అడ్డు కాదు, నిజానికి కంటెంట్, మెథడాలజీ రెండూ గట్టిపడతాయి. అడ్డమల్లా రంగులు, రీల్స్, ‘ఈరోజు ఎంత మంది చూశారు’ అని గంటకోసారి ఫోన్ తీయడం. రోజుకు ఒక గంట, అంతే. పరీక్ష తేదీ వచ్చాక రెండు నెలలు షాపు మూసేయండి. అవనిగడ్డలో కోచింగ్‌కెళ్లిన నా స్నేహితురాలు ఈ రెండు నెలలు మూయకుండా, తర్వాత అర మార్కుతో పోస్టు పోయిందని చెప్పింది. ఆ అర మార్కు దీనివల్లే పోయిందని నేననను. ఆమె మాత్రం అలాగే అనుకుంటోంది.

రెండో ఏడాది నాకు దాదాపు 26 వేలు వచ్చింది. నెలకు కాదు, ఏడాదికి. నా ఫోన్ రీచార్జి, డీఎస్సీ పుస్తకాలు, బస్సు పాస్ దాంట్లో వెళ్తున్నాయి. ఎవరూ ఊహించని చోటి నుంచి కూడా కొంత వచ్చింది. సరదాగా చేసిన గుణింతాల చుక్కల పుస్తకాన్ని డాలస్‌లో ఉండే ఒకామె కొన్నారు, వాళ్ల పాపకు తెలుగు నేర్పించడానికి. డబ్బులు మాత్రం వరంగల్‌లో ఉన్న వాళ్ల నాన్నగారి ఫోన్ నుంచి వచ్చాయి. తర్వాత ఆమె స్నేహితులు నలుగురు అడిగారు. అలాంటి వాళ్లున్నారని మొదటి రోజు డైరీ రాస్తున్నప్పుడు నాకు తెలియదు.

అమ్మ డ్వాక్రా అప్పు చివరి కిస్తీ మొన్న ఫిబ్రవరిలో కట్టేశాం. ఈ ఏడాది డైరీలో రాసుకున్నవి మూడే: ఆరో తరగతి భిన్నాలు జూన్ మొదటి వారానికి పూర్తి, గుణింతాల పుస్తకంలో వత్తుల భాగం దసరాకు, ఒకసారి కొన్నవాళ్లలో 40 మంది మళ్లీ కొనడం. ఇది రాసేనాటికి 23 మంది అయ్యారు. నిన్న సాయంత్రం జిరాక్స్ మేడం మళ్లీ ఫోన్ చేశారు. భిన్నాల పేజీలో గళ్లు ఇంకొంచెం పెద్దగా వెయ్యమన్నారు, మా క్లాసులో ఇద్దరికి చూపు సరిగా ఆనదని.