ఆపేసుకోమంటే సరిపోతుందా?

నోటిఫికేషన్ల గోల ఎక్కువైందని ఎవరైనా అంటే, టెక్నాలజీ తెలిసినవాళ్లు ఒకటే మాట చెబుతారు: సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేసుకోవచ్చు కదా అని. తప్పంతా వాడేవాళ్ల బద్ధకానిదే అన్నట్టు. ఈ మాట అన్యాయం. మనిషిని ఎప్పుడు పిలవాలో, ఎంత గట్టిగా పిలవాలో నిర్ణయించే అధికారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ యాప్‌ల చేతిలో పెట్టింది. బాధ్యతను మాత్రం వాడేవాళ్ల నెత్తిన వేసింది.

మొదట్లో ఇలా లేదు. 1980లో బెర్క్‌లీ యూనిక్స్‌లోకి వచ్చిన 'బిఫ్' అనే ప్రోగ్రామ్ కొత్త మెయిల్ వచ్చిందని తెర మీద చెప్పేది, అదీ 'బిఫ్ వై' అని టైప్ చేసి కోరుకున్నవాళ్లకే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికి ఆ మర్యాద పోయింది. డెస్క్‌టాప్ మీద వాడని ఐకాన్లు ఉన్నాయంటూ, ఎవరూ అడక్కుండానే, పని మధ్యలో ఓ మూల బెలూన్ లేచేది.

ఆండ్రాయిడ్ సంగతి మరీ ఘోరం. 2022లో 13వ వెర్షన్ వచ్చేదాకా, యాప్ వేసుకోవడమే అనుమతి ఇచ్చినట్టు లెక్క. ఐఫోన్ 2009 నుంచీ అడుగుతోంది, నిజమే. కానీ ఆ అడిగేది ఒక్కో యాప్‌కు ఒక్కసారి, అన్ని రకాల కబుర్లకూ కలిపి. భోజనం తెప్పించుకునే యాప్‌కు 'అలో' నొక్కితే, 'మీ ఆర్డర్ బయల్దేరింది' అన్న కబురూ, మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ మీద డిస్కౌంట్ ఊరింపూ ఒకే తలుపులోంచి వస్తాయి. రెంటికీ ఒకటే మోత. ఫోన్ సెట్టింగ్స్‌లో రెండోదాన్ని ఆపితే మొదటిదీ పోతుంది.

దీనికి మందుగా 2017లో ఆండ్రాయిడ్ 8 'చానెల్స్' తెచ్చింది. ఏ రకం కబురు కావాలో విడివిడిగా ఎంచుకోవచ్చన్నారు. ఆ చానెళ్లను తయారు చేసేది, పేరు పెట్టేది, ఏ కబురు ఎందులో వేయాలో తేల్చేది యాప్ కంపెనీయే. సెట్టింగ్స్ తెరిచి చూస్తే చాలా యాప్‌ల కింద 'మిసిలేనియస్' అని ఒక గడి కనిపిస్తుంది. దాన్ని ఆపితే ఏం పోతుందో ఎవరికి తెలుస్తుంది? బ్యాంకు హెచ్చరిక పోతుందేమోనన్న భయంతో ఆన్‌లోనే ఉంచేస్తారు. దీన్ని బద్ధకం అనడం తప్పు.

మన దేశంలో ఎస్సెమ్మెస్‌కు మాత్రం కొంత రక్షణ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు ప్రచార సందేశాన్ని, లావాదేవీ సందేశాన్ని వేరు చేశాయి. 1909 నంబరుకు చెబితే ప్రచారం వద్దనొచ్చు. అదే ప్రచారం యాప్ నోటిఫికేషన్‌గా వస్తే ఆ నిబంధన వర్తించదు.

అడ్డుకట్ట వేయడం ఆపిల్, గూగుల్‌లకు చేతకాక కాదు. సైలెంట్‌లో ఉన్న ఐఫోన్‌ను కూడా మోగించగల 'క్రిటికల్ అలర్ట్' వాడాలంటే యాప్ కంపెనీ ముందుగా ఆపిల్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. 2018 నుంచి ఇది అమల్లో ఉంది. ప్రచారాన్ని ఆర్డర్ కబురులో కలిపి పంపే కంపెనీల మీదా ఆపిల్, గూగుల్ ఇంతే పట్టుదల చూపాలి. కలిపి పంపినట్టు తేలితే ఆ యాప్‌కు మోగే హక్కు తీసేయాలి.