కల్లు నిధి లెక్క

"మద్యం అమ్మకపోతే పథకాలకు డబ్బెక్కడిది?" ఆంధ్రా మిత్రులతో మాటల్లో ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి ఇక్కడ మలేసియాలోనే ఒక పాత జవాబుంది.

బ్రిటిష్ కాలంలో మనవాళ్ళు పెరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటలకు కూలీలుగా వచ్చారు. ఆనాటి ఎస్టేట్లలో కల్లు దుకాణాలుండేవి. లైసెన్సు సర్కారుది, నడిపేది యాజమాన్యం. లాభం "కల్లు నిధి"కి వెళ్ళేది, అందులోంచి గుళ్ళకూ పండుగలకూ ఖర్చు పెట్టేవారు. దొర పెట్టవలసిన ఖర్చును కూలీయే తాగి కట్టాడన్నమాట! 1947లో కెడా రాష్ట్రంలో తమిళ కూలీల తొండర్ పడై ఈ దుకాణాల మీద తిరగబడితే వ్యవహారం పోలీసులతో ఘర్షణ దాకా వెళ్ళింది.

మన దగ్గరా అంతే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా పాటలు ఆపించారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఖజానా పేరు చెప్పి సడలించారు. 2024 అక్టోబరు నుంచి ఆంధ్రాలో క్వార్టరు 99 రూపాయలకే ఇస్తున్నారు. చవక సరుకు ఇస్తే నాటుసారా తగ్గుతుందట. కొంత నిజమే కావచ్చు. కానీ రోజుకొక్కటి తాగేవాడికి నెలకు 2,970 రూపాయలు. అదే డబ్బు ఊళ్ళో కిరాణా కొట్టుకో, పిల్లల ఫీజుకో పోయినా వ్యాపారమేగా?

నేను మళ్ళీ నిషేధం పెట్టమనడం లేదు. ఆ రెండేళ్ళ దొంగసరుకు కథలు మా నాన్నగారి తరం ఇంకా చెబుతూనే ఉంది. బడ్జెట్‌లో ఎక్సైజు ఆదాయం పక్కనే, తాగుడు వల్ల ప్రభుత్వాసుపత్రులకయ్యే ఖర్చు కూడా అచ్చు వేయమని మీ ఎమ్మెల్యేకి ఒక ఉత్తరం రాయండి. నేను మా ఊరి ఎమ్మెల్యేకి రాస్తున్నాను.