పదమూడో నంబరు ఇల్లు

హైదరాబాద్

లండన్‌లో చదువుకుంటున్న, కొలువులు చేసుకుంటున్న మన పిల్లలందరికీ,

మీలో చాలామంది నాకు తెలియరు. ఆదివారం పూట ఆవకాయ వాసన పట్టుకుని మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొందరిని మాత్రం చూశాను. లండన్‌లో ఏమేం చూశారర్రా అని అడిగితే జవాబు ఇంచుమించు ఒకటే. టవర్ బ్రిడ్జి, ఎర్ర ఫోన్ డబ్బా పక్కన ఒక ఫోటో, కోహినూర్ కోసం టవర్, అమరావతి శిల్పాల కోసం బ్రిటిష్ మ్యూజియం. ఆ శిల్పాల ముందు నిలబడి ఫోటో దిగి, "ఇవి మావి" అని కింద ఒక ముక్క రాసి, కాఫీకి బయటపడతారు. కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ అక్కణ్ణుంచి పావుగంట నడిస్తే ఇంకో ఇల్లుంది. ఆ కోపాన్ని ఇంకాస్త దూరం తీసుకెళ్ళే ఇల్లు. మీలో ఎవరి నోటా దాని పేరు వినపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అని చెట్లున్న పెద్ద మైదానం. దానికి ఉత్తరం వైపు వరసలో 12, 13, 14 నంబర్ల ఇళ్ళు. మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి కొని, పడగొట్టి, మళ్ళీ తన ఇష్టప్రకారం కట్టుకున్నవాడు సర్ జాన్ సోన్. పుట్టింది 1753లో, తాపీమేస్త్రీ ఇంట. రాయల్ అకాడమీలో బంగారు పతకం తెచ్చుకుని, రాజుగారిచ్చిన ఉపకారవేతనం మీద ఇటలీ వెళ్ళొచ్చి, 1788లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి ఆర్కిటెక్టు అయ్యాడు. 45 ఏళ్ళు ఆ కొలువులోనే ఉన్నాడు. భార్య తరఫు ఆస్తి కూడా కలిసొచ్చింది. వచ్చిన డబ్బంతా కొనుగోళ్ళకే: రోము నుంచి విరిగిన పాలరాళ్ళు, సున్నపు అచ్చులు, కుండలు, పుస్తకాలు, బొమ్మలు, బెండుతో చేసిన పాంపే నగరపు నమూనా. ఎనభయ్యో ఏట, 1833లో, పార్లమెంటు చేత ఏకంగా ఒక చట్టమే చేయించాడు. తన తర్వాత ఇల్లూ, అందులోని సామానూ జాతికి చెందాలి, జనానికి ఉచితంగా చూపించాలి, తను పోయేనాటికి ఏది ఎక్కడుందో వీలైనంతవరకు అలాగే ఉంచాలి అని. 1837 జనవరిలో పోయాడు. మీరు ఈరోజు వెళ్ళినా టిక్కెట్టు లేదు.

లోపలికి ఒకేసారి ఎక్కువమందిని పంపరు. బయట కొంతసేపు నిలబడాల్సి రావచ్చు, విసుక్కోకండి. లోపల సందులు ఎంత ఇరుకంటే వీపుకి సంచి తగిలించుకుని ఇటు తిరిగితే అటు రెండువేల ఏళ్ళ నాటి రోమన్ ముక్కుకి తగులుతుంది. వస్తువుల పక్కన పేరు చీటీలు దాదాపు ఉండవు. మొదట అది లోపంగా తోస్తుంది. చీటీ ఉంటే మనం చీటీ చదువుకుని పక్కదానికి వెళ్ళిపోతాం. చీటీ లేనప్పుడు తప్పక అడుగుతాం: దీన్ని ఇక్కడే ఎందుకు పెట్టాడు? దీని పక్కన అదెందుకు?

నేను ఉద్యోగకాలమంతా ఆర్ అండ్ బీలో ప్రభుత్వ భవనాలు కట్టినవాణ్ణి. ఇటుకా సిమెంటూ తప్ప కళ తెలియనివాణ్ణి. అందుకే నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు కనపడింది వెలుతురు. అటూ ఇటూ ఇళ్ళు ఆనుకుని ఉన్న వరస ఇల్లది. ముందువైపూ వెనకవైపూ తప్ప కిటికీ పెట్టే వీల్లేదు. మధ్య గదుల్లో చీకటే ఉండాలి. ఈయన వెలుతుర్ని పైనుంచి దించాడు. అల్పాహారం తినే చిన్న గది ఒకటుంది. దాని నడిమికప్పు నాలుగు మూలలా సన్నటి స్తంభాల మీద గొడుగులా నిలబడుతుంది. రెండు పక్కలా ఆ గొడుగు దాటినచోట కప్పులో అద్దాలు బిగించాడు. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియదు, గోడ మాత్రం మెరుస్తుంటుంది. కొన్నిచోట్ల అద్దానికి పసుపు రంగు వేయించాడు, లండన్ మబ్బు పట్టినరోజున కూడా లోపల ఇటలీ ఎండ ఉన్నట్టుండాలని. ఆ గదిలోనే వందకు పైగా అద్దాలు, చాలావరకు ఉబ్బెత్తువి. ఒక్కోదాంట్లో గది మొత్తం గోళీకాయంత అయి కనిపిస్తుంది. మనవాళ్ళు లక్షలు పోసి కట్టే ఇళ్ళలో పట్టపగలు ట్యూబులైట్లు వేసుకోవడం చూసినప్పుడల్లా నాకు ఈ తాపీమేస్త్రీ కొడుకు గుర్తొస్తాడు.

బొమ్మల గది ఇంకో విచిత్రం. మన మామూలు పడకగదంతే ఉంటుంది, అందులో వందకు పైగా చిత్రాలు. అక్కడి సిబ్బంది ఒకరు వచ్చి గోడని తలుపులా తెరుస్తారు. లోపల ఇంకో గోడ, దాని మీద ఇంకో వరస చిత్రాలు. ఒకవైపు దాన్ని కూడా తెరిచేసరికి గోడ లేనే లేదు, కింది అంతస్తులోకి చూపు జారుతుంది. ఆ తలుపుల మీదే ఉన్నాయి విలియం హోగార్త్ గీసిన ఎనిమిది చిత్రాల వరస. తండ్రి కూడబెట్టిన సొమ్ము చేతికొచ్చిన కుర్రాడొకడు దర్జీలకూ జూదానికీ తగలేసి, అప్పులవాళ్ళ జైలుకి వెళ్ళి, చివరికి పిచ్చాసుపత్రిలో తేలే కథ అది. 1802లో వేలంలో 570 గినీలకు పాడి కొన్నది సోన్ భార్య ఎలిజబెత్. వాళ్ళ చిన్నకొడుకు జార్జికి అప్పటికి పన్నెండేళ్ళు.

ఆ జార్జి పెద్దవాడయ్యాక 1814లో అప్పుల కేసులో జైలుకెళ్ళాడు. మరుసటేడు ఒక పత్రికలో పేరు పెట్టకుండా తండ్రి కట్టడాలను ఎగతాళి చేస్తూ వ్యాసాలు రాశాడు. రాసింది ఎవరో తల్లికి తెలిసింది. అప్పటికే ఆరోగ్యం బాగాలేని మనిషి, రెండునెలల్లో కన్నుమూసింది. సోన్ ఆ వ్యాసాలను కత్తిరించి, పటం కట్టించి, ఇవి తన భార్య పాలిట చావుదెబ్బలని రాయించి గోడకి తగిలించాడు. కొడుకుని క్షమించలేదు. పెద్దకొడుకు 1823లోనే పోయాడు. అలా మిగిలిన ఒక్క కొడుక్కి ఇల్లు దక్కకుండా చేసింది కూడా ఆ చట్టమే. జార్జి దాన్ని వ్యతిరేకించాడు, ఆపలేకపోయాడు. ఇప్పుడు ఆ ఇంట్లోకి మీరూ నేనూ దర్జాగా ఉచితంగా అడుగుపెడుతున్నామంటే అందులో ఒక తండ్రి పంతం వాటా ఎంతో చెప్పడం కష్టం. పెద్దలు చేసిన దానాలన్నీ ప్రేమతో చేసినవని అనుకోకండి. నా వయసువాళ్ళం మాకు మేమే ఈ సంగతి ఒప్పుకోం.

కింద నేలమాళిగలో ఉంది అసలు నిధి. ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక. ఒకే రాతిలో తొలిచింది, లోపలా బయటా సన్నటి చిత్రలిపి. రాయి ఎంత పల్చగా తొలిచారంటే లోపల దీపం పెడితే బయటికి వెలుగుతుంది. ఇటలీవాడు బెల్జోని 1817లో రాజుల లోయలో సమాధి తవ్వించి తీశాడు. రెండువేల పౌండ్లు ఎక్కువని బ్రిటిష్ మ్యూజియం వద్దంది. 1824లో సోన్ అదే ధరకి కొని, ఇంటి వెనకగోడ కొంత పడగొట్టించి లోపలికి దింపాడు. మరుసటేడు మార్చిలో మూడు రాత్రులు ఊళ్ళో పెద్దమనుషులందరినీ పిలిచి, ఇల్లంతా దీపాలు పెట్టి చూపించాడు.

మీ కోపం ఇక్కడికి తెచ్చుకోండి. తన ఇంట్లో పింగాణీ గిన్నె కూడా ఉన్నచోటు నుంచి కదలకూడదని పార్లమెంటు చేత రాయించుకున్న పెద్దమనిషి ఇల్లంతా ఉన్నచోటు నుంచి కదిలించి తెచ్చిన వస్తువులే. సేతి మహారాజు శవపేటికకి లండన్ నేలమాళిగ చోటు కాదు. రోము గుడి దూలం మీది ఆకు చెక్కడానికి ఈయనగారి మెట్లదారి చోటు కాదు. ఆ సంగతి సోన్‌కి తట్టినట్టు ఎక్కడా కనపడదు. నేను ఆ ఇంటిని ఇష్టపడతాను, ఈ వైరుధ్యంతో సహా ఇష్టపడతాను. వస్తువుకి చోటు ఎంత ముఖ్యమో అంతగా తెలిసినవాడికి కూడా ఇతరుల చోటు కనపడలేదు. అమరావతి రాళ్ళ దగ్గర నిలబడి మీరు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఈ రాయి స్తూపానికి ఏ వైపున, ఎంత ఎత్తున ఉండేది, దాని పక్కన ఏముండేది? దీనికి మనవాళ్ళెవరూ జవాబు రాసిపెట్టలేదు. 1816, 17ల్లో సర్వేయరు కల్నల్ మెకంజీ మనుషులు వెళ్ళి ఏ రాయి ఎక్కడ పడుందో కొలతలు తీసి, బొమ్మలు గీసి ఉంచబట్టి ఆ కాస్తయినా తెలుస్తోంది. వాళ్ళు రాకముందే ఎన్నో రాళ్ళు ఊళ్ళో కట్టడాలకు, సున్నానికి పోయాయి. ఎత్తుకుపోయినవాళ్ళని తిట్టేటప్పుడు ఈ ముక్క కూడా కలిపి చెప్పుకోవాలి.

సోన్ బతుకంతా పోసి కట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గురించి కూడా చెప్పాలి. దానికి అలాంటి రక్షణ చట్టం లేకపోయింది. 1920ల్లో, 30ల్లో బయటి ప్రహరీ మాత్రం ఉంచి లోపలిదంతా దాదాపు పడగొట్టేశారు. కొత్తది కట్టింది హెర్బర్ట్ బేకర్, మన ఢిల్లీలో పాత పార్లమెంటు భవనం గీసినవాళ్ళలో ఒకాయన. ఇంకొకటి. మీరు ఫోటోలు దిగే ఆ ఎర్ర ఫోన్ డబ్బా పైకప్పు ఉందే, నాలుగువైపులా వంపు తిరిగి, అది సోన్ తన భార్యకి కట్టించిన సమాధి చూసి వచ్చిన ఆలోచనే అంటారు. సెయింట్ పాంక్రాస్ పాత చర్చి తోటలో ఉంది ఆ సమాధి, తండ్రి, తల్లి, పెద్దకొడుకు ముగ్గురూ అక్కడే. సమయం ఉంటే చూడండి.

మన ఊరి సంగతికొస్తాను. సాలార్‌జంగ్ మ్యూజియం మీరందరూ బడి నుంచి బస్సులో వెళ్ళి చూసినవాళ్ళే. ముసుగు రెబెక్కా, గంట కొట్టే గడియారం, అయిపోయింది. ఇప్పుడున్న భవనానికి అవి 1968లో వచ్చాయి. అంతకుముందు అవన్నీ దివాన్ దేవిడీలో, సాలార్‌జంగుల సొంత ఇంట్లోనే ఉండేవి. మూడో సాలార్‌జంగ్ పెళ్ళీ పిల్లలూ లేకుండా 1949లో పోయాడు. 1951 డిసెంబరులో నెహ్రూగారు ఆ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించారు. చిన్నప్పుడు మా నాన్న వేలు పట్టుకుని అక్కడే చూశాను నేను. ఏ వస్తువు చూశానో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు, ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టామన్న బెరుకు మాత్రం గుర్తుంది. చెప్పులు విడవాలేమో అని నాన్న ఒక క్షణం తటపటాయించాడు. కొత్త భవనంలో ఆ బెరుకు రాదు. అక్కడ గదులు వస్తువుల కోసం కట్టినవి: దంతం ఒకచోట, గడియారాలు ఒకచోట, కత్తులు ఒకచోట. వెతుక్కోవడానికి సుఖం. మూడో సాలార్‌జంగ్ రాత్రి పడుకునేముందు చూసుకున్న వస్తువు ఏదో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు. మనకీ పార్లమెంటు చట్టం వచ్చింది, 1961లో. వస్తువులకి వచ్చింది. దేవిడీకి రాలేదు. దర్వాజాలు మిగిలాయి. లోపల ఇప్పుడు బట్టల టోకు దుకాణాలు, పెళ్ళిళ్ళ సీజనులో మీ అమ్మలు చీరలకి వెళ్ళే చోటే.

ఇళ్ళు అలాగే ఉంచాలని నేననను. అందరి ఇళ్ళూ మ్యూజియాలు చేస్తే బతికేవాళ్ళు ఎక్కడుంటారు? సోన్‌కి కూడా అలా ఉంచడంలో అత్యాశ ఉంది. కొన్ని పెట్టెలకి సీలు వేయించి, భార్య పోయిన తేదీన 1866లో ఒకటి, 1886లో ఒకటి, 1896లో ఒకటి తెరవమని రాసిపోయాడు. ఏళ్ళ తరబడి ఏముందో ఏముందో అని ఎదురుచూశారు. తెరిస్తే పాత ఉత్తరాలు, ఇంటి తగాదాల కాగితాలు. కొడుకు గురించి లోకానికి చెప్పుకోవాల్సింది ఆయనకి ఇంకా మిగిలే ఉంది.

మీలో చాలామందికి ఊళ్ళో ఇల్లుంది. అమ్మేద్దామన్న మాట ఇప్పటికే నడుస్తోందని నాకు తెలుసు. మా ఇంట్లోనూ నడుస్తోంది. అమ్మండి, తప్పు లేదు. సామాను తీసేముందు ఒక పూట కూర్చుని, గది గదికీ ప్లాను గీయండి, మెకంజీ మనుషులు గీసినట్టు. ఏ గోడకి ఏ పటం, వడ్లగాదె ఎక్కడ, నాయనమ్మ మందుల డబ్బా ఏ గూట్లో, దేవుడి మందసం ఏ దిక్కుకి. టేపు పెట్టి కొలవండి. ఫోన్లో వీడియో తీస్తే చాలదా అంటారు. వీడియోలో ఉన్నది కనపడుతుంది, ఎందుకక్కడుందో కనపడదు. పక్కన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి ఆ కాగితం మీదే రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే సుమా.

పదమూడో నంబరుకి వెళ్ళదలిస్తే ముందు ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకోండి, వారమంతా ఉండదు. వెలుతురు ఉండగా వెళ్ళండి. బొమ్మల గదిలో సిబ్బంది గోడ తెరిచేదాకా అక్కడే నిలబడండి, చాలామంది తెలియక వెళ్ళిపోతారు.

మీ మేలు కోరే
ఒక తాతయ్య