కట్టడముల కంపనము – ఇంజనీరు బాధ్యత

కదలని కట్టడమే గట్టి కట్టడమని సామాన్యముగా మనము భావింతుము. అది నిజము కాదు. గాలి వీచినప్పుడు ఎత్తైన భవనము కొంత ఊగును. జనము నడచినప్పుడు వంతెన కొంత కదలును. కదలిక దోషము కాదు, హద్దు మీరుటయే దోషము. ప్రతి కట్టడమునకును తనదైన ఒక ఊపు కలదు. ఉయ్యాలను దాని ఊపునకు అనుగుణముగా మెల్లగా త్రోసినను అది క్రమముగా పెద్ద ఊపునందుకొనును. బయటి బలము కట్టడపు సహజమైన ఊపుతో లయ కలిపినప్పుడు జరుగునదియు ఇదే.

ఈ కంపనము నణచుటకు ముఖ్యముగా రెండు విధముల సాధనములు కలవు. మొదటిది స్కూటరు షాక్ అబ్జార్బరు వంటిది; ద్రవము నిండిన గొట్టములో పిస్టను కదలుచు ఊపులోని శక్తిని వేడిగా మార్చును. రెండవది కట్టడపు ఊపునకు శ్రుతి కలిపిన బరువు. కట్టడము ఒరిగినప్పుడు అది వెనుకబడి ఎదురు లాగును. తైపే నగరములోని 101 అంతస్తుల భవనములో 660 టన్నుల ఉక్కు గోళము ఇందుకే వ్రేలాడుచున్నది. మన పొలముల మీదుగా పోవు హైటెన్షన్ తీగలకు, టవరుకు దగ్గరగా, డంబెల్ ఆకారమున కనిపించు చిన్న వస్తువు కూడ ఈ జాతిదే. గాలికి అదరి అదరి తీగ తెగిపోకుండ అది కాపాడును.

అయితే సాధనము నమర్చినంత మాత్రమున బాధ్యత తీరునా? తీరదని మా అభిప్రాయము.

న్యూయార్కులో 1977లో పూర్తియైన 59 అంతస్తుల సిటీకార్ప్ భవనమున ఊపు తగ్గించుటకు సుమారు 400 టన్నుల కాంక్రీటు దిమ్మె నుంచిరి. మరుసటి యేడు నిర్మాణ ఇంజనీరు విలియం లెమెజ్యూరియర్ మరల లెక్క చూడగా, మూలవాటుగా వీచు పెనుగాలికి బోల్టుల అతుకులు ఆగవని తోచెను. దిమ్మె పనిచేయుటకు విద్యుత్తు కావలెను. తుఫానులో విద్యుత్తు పోయినచో దిక్కేది? అతడు యజమానులకు నిజము చెప్పెను. అది మెచ్చదగినది. రాత్రివేళల అతుకులపై ఉక్కు పలకలు వెల్డింగు చేసిరి. కాని అందు పనిచేయువారికి అసలు అపాయము తెలుపలేదు. 1995లో ఒక పత్రిక వెల్లడించువరకు అది మరుగుననే యుండెను.

లండనులో 2000 జూన్ 10న తెరచిన మిలీనియం వంతెన జనుల నడకకు ప్రక్కలకు ఊగెను. తూలకుండుటకై మనిషి తన అడుగును వంతెన ఊపుతో కలుపును. కలిపిన కొలది ఊపు పెరుగును. రెండు రోజులకే దానిని మూసిరి. ఆరప్ సంస్థ ఇంజనీర్లు మనుషులను నడిపించి పరీక్షించి, ఫలితములను అందరికిని ప్రకటించిరి. 37 ద్రవ సాధనములను, 50కి పైగా శ్రుతి బరువులను అమర్చి 2002 ఫిబ్రవరిలో తిరిగి తెరచిరి.

నిజము చెప్పినచో ప్రజలు భీతిల్లుదురని కొందరు వాదింతురు. లండనులో కొంత నగుబాటు కలిగిన మాట వాస్తవమే. కాని ఆ పొరపాటు ప్రపంచములోని వంతెన నిర్మాతలకెల్ల పాఠమయ్యెను. న్యూయార్కు పాఠము 17 సంవత్సరములు తాళము వేసిన పెట్టెలో నుండెను.

అమానతు అను మాట ఉర్దూలోను తెలుగులోను కలదు. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన సొమ్మది. వంతెనపై అడుగుపెట్టు బాటసారి తన ప్రాణమును ఇంజనీరునకు అట్లే అప్పగించుచున్నాడు. మన విద్యార్థులలో రేపు ఆ వృత్తిలో ప్రవేశించువారు లెక్కలతోపాటు దీనిని కూడ నేర్వవలెను. లెక్కలో లోపము కనిపించిన నాడు దానిని ముందుగా తెలుసుకొనవలసినవాడు ఆ బాటసారియే.