అద్దాల తొట్టిలో పొత్తు

శ్రీకాకుళం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. వేసవి సెలవుల్లో వాళ్ళమ్మాయి పోరు పెడితే రెండడుగుల అద్దాల తొట్టి కొన్నారట. అందులోకి రెండు బంగారు చేపలు, ఒక ఫైటరు, నాలుగు గప్పీలు, ఆరు నియాన్ టెట్రాలు, రెండు ఏంజిల్ చేపలు, అద్దం నాకి శుభ్రం చేస్తుందని ఒక సక్కరు. "అన్నీ కలిసే ఉంటాయమ్మా" అన్నాడట దుకాణదారు. ఇరవై రోజులు తిరిగేసరికి పదహారింటిలో నాలుగు మిగిలాయి. ఇప్పుడా పిల్ల పొద్దున్న పళ్ళయినా తోముకోకుండా తొట్టి దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, ఈరోజు ఏటి సచ్చిపోనాది?" అని అడుగుతోందట. "మేష్టారూ, తొట్టి తీసేద్దామంటే అది ఏడుస్తుంది, ఉంచుదామంటే నాకు ఏడుపొస్తుంది. ఏం చెయ్యమంటారు?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి చేపల సంగతి అడగడమేమిటని మీకు తోచవచ్చు. మా ఇంట్లో పన్నెండేళ్ళబట్టి ఒక తొట్టి ఉందని ఈ శీర్షికలో ఎప్పుడో ఒక మాట జారవిడిచాను. అది ఆవిడ గుర్తుపెట్టుకున్నారు.

నిజానికి ఆ ఉత్తరం అపరాధ పరిశోధక నవలకు ఏమీ తీసిపోదు. ఆధారాలన్నీ అందులోనే ఉన్నాయి. నియాన్లు రోజుకొకటి, రెండు చొప్పున రాత్రికి రాత్రి మాయమయ్యాయి, శవాలు కూడా దొరకలేదు. గప్పీల తోకలు పేలికలై, తరవాత ఒకటొకటిగా పోయాయి. బంగారు చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేసి వేసి పోయాయి. మిగిలినవి రెండు ఏంజిళ్ళు, ఫైటరు, సక్కరు. ఇలాంటి కేసుల్లో చచ్చినవాళ్ళ జాబితా కన్నా బతికినవాళ్ళ జాబితాయే గట్టి సాక్ష్యం.

ఏంజిల్ పేరుకి దేవదూత. నిదానంగా, రాణీగారు చీరకుచ్చెళ్ళు సవరించుకుంటూ నడిచినట్టు ఈదుతుంది. కాని పెరిగితే ఐదారంగుళాల ఎత్తు తేలే చేప. నియాన్ అంగుళమున్నర పొడవుకు మించదు, సన్నం కూడాను. రెండూ అమెజాన్ నదీ ప్రాంతపువే, అంచేత ఒకచోట ఉంచవచ్చునని కొందరు వాదిస్తారు. పులీ జింకా కూడా ఒకే అడవిలో పుట్టినవే! గప్పీల తోకలు ఫైటరు పని. సయాం దేశపు ఆ వీరుడికి పొడుగుతోక, రంగురంగుల రెక్క కనబడితే మరో ఫైటరే ఎదురొచ్చినట్టు లెక్క. బంగారు చేపల్ని మాత్రం ఎవరూ చంపలేదు. వాటిని మన మే నెల చంపింది.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బంగారు చేప చైనాలో వెయ్యేళ్ళ నుంచి పెంపకానికి అలవాటుపడిన చల్లనీటి జీవి. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేపకు కావలసిన గాలి మాత్రం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం ఎంతకాలం నడుస్తుంది? పక్కన వెచ్చని నీరే హాయిగా ఉండే ఏంజిలూ ఫైటరూ ఉన్నాయి. పైగా ఫైటరు నీటి పైకొచ్చి నేరుగా గాలి మింగి బతకగలదు. కాబట్టి ఒకే తొట్టిలో ఒకరికి నరకమైనది ఇంకొకరికి స్వర్గమైంది. ఎవరి తప్పూ లేదు, పొంతన చూడకపోవడమే తప్పు.

పెళ్ళికి పొంతన చూసే దేశం మనది. గణాలు కలిశాయా, నాడి కలిసిందా అని పంచాంగం తిరగేసి తిరగేసి చూస్తాం. చేపల దగ్గరికొచ్చేసరికి రంగు చూసి తాంబూలాలు పుచ్చేసుకుంటాం. మన పెద్దలకు చేపల స్వభావం తెలియక కాదు. పెద్దది చిన్నదాన్ని మింగే అరాచకానికి మాత్స్య న్యాయమని పేరే పెట్టారు. రాజు దండం పట్టకపోతే లోకం ఆ న్యాయానికి దిగజారుతుందని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పాడు. తొట్టికి యజమాని రాజే, కాని పాపం దండం పనికిరాని రాజు. ఏంజిల్‌కి బుద్ధి చెప్పలేడు, ఫైటరుకి శిక్ష వెయ్యలేడు. తన రాజ్యంలోకి ఎవర్ని రానివ్వాలో ముందుగా ఎంచుకోవడం ఒక్కటే అతనికున్న అధికారం.

ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది చేపను కాదు, మన ఇంటి నీటిని. స్నానం చేస్తే సబ్బు నురగ రాక, కాచిన గిన్నె అడుగున తెల్లని చెక్కు కడితే అది కఠినజలం. బోరు నీళ్ళు చాలాచోట్ల ఇలాంటివే. ఈ నీటిలో గప్పీలు, ప్లాటీలు, మోలీలు సుఖంగా ఉంటాయి. మోలీ ఐతే కాస్త ఉప్పదనాన్ని కూడా ఓర్చుకుంటుంది. నియాన్ పుట్టింది వాననీటిలాంటి మెత్తని నీటిలో. కుళాయి నీరైతే క్లోరిన్ వాసన పోయేదాకా ఒక రోజు వెడల్పు పాత్రలో పట్టి ఉంచాలి. నీటిని చేపకు తగ్గట్టు మార్చే మందులూ మాకులూ బజారులో ఉన్నాయి. కాని నీటికి తగ్గ చేపను తెచ్చుకోవడం కన్నా తేలిక ఉపాయం నేను చూడలేదు.

రెండోది నోరు. నోట పట్టేదల్లా ఏదో ఒకనాడు నోట పడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం చావులు తప్పుతాయి. అయితే ఇక్కడొక మోసం ఉంది. దుకాణంలో కనబడేవన్నీ పిల్లలే. ఈవేళ్టి నోరు కాదు, ఏడాది పోయాక ఎంత నోరు అవుతుందన్నది లెక్క. భాగవతంలో సత్యవ్రతుడి కథ గుర్తుచేసుకోండి. కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చేపపిల్ల వచ్చి, పెద్ద చేపలు నన్ను మింగేస్తాయి, కాపాడమంది. రాజు జాలిపడి కమండలంలో వేశాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. గంగాళం చాలలేదు, మడుగు చాలలేదు, సరస్సు చాలలేదు, చివరికి సముద్రానికి మొయ్యవలసి వచ్చింది. అక్కడంటే ఆ చేప సాక్షాత్తూ విష్ణుమూర్తి. మన గెడ్డల్లో తొలకరికి పిల్లలు గుడ్డ వేసి పట్టే ఎర్రని చేపపిల్లల గుంపు విష్ణుమూర్తి కాదు, కొర్రమీను సంతానం. చూడ్డానికి కుంకుమ చల్లినట్టుంటాయి. ముచ్చటపడి సీసాలో పట్టి తెచ్చి గప్పీల తొట్టిలో వేస్తారు. ఆ ఎరుపు నాలుగు వారాల మురిపెం. తరవాత రంగు మారుతుంది, అడుగు పొడవు పెరిగే వేటచేప తన జాతిగుణం చూపిస్తుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే. రాష్ట్రం సరిపోతుంది గాని రెండడుగుల తొట్టి దానికి ఏ మూలకి?

మూడోది స్వభావం. మగ ఫైటర్లు రెండింటిని కలిపి ఉంచకూడదని అందరికీ తెలుసు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. టైగర్ బార్బు సంగతే అంతగా తెలియదు. ఒంటి మీద నల్ల చారలతో ముద్దుగా ఉంటుంది. రెండో మూడో తెచ్చామంటే పక్కవాళ్ళ తోకలు కొరకడమే వాటి కాలక్షేపం. ఆరుకు తగ్గకుండా ఉంచితే తమలో తాము తగవులాడుకుంటూ పైవాళ్ళ జోలికి కొంత తక్కువగా వస్తాయి. ఊళ్ళో పనిలేని కుర్రకారుకి ఒక క్లబ్బు పెట్టించినట్టన్నమాట. అయినా ఏంజిల్ తోకకు మాత్రం హామీ లేదు. నియాన్లు, జీబ్రాలు వేరే రకం. అవి మందలో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. చవగ్గా వస్తుంది గదా అని రంగుకొకటి చొప్పున తెచ్చుకునేవాళ్ళు పది ఒంటరి ప్రాణాల్ని ఒక గదిలో పెట్టి తాళం వేస్తున్నారని తెలుసుకోవాలి. గప్పీల్లో ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే వెంటపడి వెంటపడి ఆడదాని ప్రాణం తీస్తుంది. పిల్లలు లెక్కకు మిక్కిలి పుట్టడం ఇష్టం లేకపోతే అన్నీ మగవే తెచ్చుకోండి, రంగులు కూడా వాటివే.

ఇక చోటు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే 70 లీటర్లు. గులకరాళ్ళూ పైన వదిలే ఖాళీ పోగా అరవై. పెరిగిన చిన్నచేప అంగుళం పొడవుకి నాలుగు లీటర్లని పెంపకందార్ల మోటు లెక్క. అంటే పదిహేను అంగుళాల చేపలు. బంగారు చేపల వంటి బొద్దుగాళ్ళకి ఈ లెక్క చాలదు.

కలిపి పెంచడమనే విద్యను మన చెరువుల రైతులు ఎప్పుడో ఒంటబట్టించుకున్నారు. ఒకే చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వేస్తారు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున. ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. తొట్టిని కూడా అలాగే మూడంతస్తుల మేడ అనుకుని ఏ అంతస్తులో ఎవరుంటారో చూసుకోవాలి.

ఇంతకీ ఆ శ్రీకాకుళం సోదరికి నా సలహా ఇది. అద్దం మీద ఉప్పుచారలు కడుతున్నాయని రాశారు గనక మీది కఠినజలమే. ముందు మిగిలిన నాలుగింటికీ దారి చూడండి. ఫైటరుకి మూతపెట్టిన ఇరవై లీటర్ల చిన్న తొట్టి వేరే ఇస్తే రాజాలా ఉంటుంది. ఏంజిళ్ళు పెద్ద తొట్టి ఉన్నవారికి ఇచ్చెయ్యండి. ఫిల్టరు ఆపకండి, అందులోని స్పంజిని కుళాయి కింద తోమకండి. చేపల మలినంలోని అమోనియా విషాన్ని విరిచే సూక్ష్మజీవులు కాపురముండేది ఆ మురికిలోనే. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకేరోజు పదహారు చేపల్ని దింపడమూ ఈ చావుల్లో ఒక పాలు పంచుకునే ఉంటుంది.

తరవాత ఆరు జీబ్రాలు తెచ్చి వెయ్యండి. అంగుళమున్నర చేప, తొమ్మిది అంగుళాల లెక్క. ఇది ఫ్యాషన్ చేప కాదు, మన దేశపుదే. హామిల్టన్ అనే స్కాట్లండు దొర 1822లో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలో మొదట వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దాని మీద జన్యుశాస్త్ర పరిశోధనలు జరుగుతున్నాయి. ఇంత ఘనత ఉండీ చలికీ వేడికీ గట్టినీటికీ ఓర్చుకునే గుణవంతురాలు. రెండు మూడు వారాలు గడిచి, అందరూ కులాసాగా ఉంటే ఐదు మగ గప్పీలు చేర్చండి. మరీ చీరకొంగులాంటి తోకలున్నవి వద్దు. జీబ్రాలు చురుకైనవి, ఊరుకోవు. దీంతో మీ పదిహేను అంగుళాలూ నిండాయి. అడుగు అంతస్తు ఖాళీగా ఉందని బెంగపడకండి, రెండు నత్తలు చాలు.

అమ్మాయికి గెడ్డచేపల మీద మనసైతే పరిగెలు ఉన్నాయి. నల్లచుక్కల చిన్న పరిగె వెండిపూత పూసినట్టుంటుంది, దాని ఈత చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాని వాటికి వేరే తొట్టి, లేదా ఈ జాబితాకు బదులుగా అవి. ముందు రెండు వారాలు విడి బకెట్టులో ఉంచి చూడాలి. గెడ్డ నుంచి వచ్చే చేప ఒంటరిగా రాదు, పురుగుల్ని కూడా వెంట తెస్తుంది.

మిగిలింది సక్కరు. దీన్ని ఆవిడ ఉత్తరం చివర్న ఒక వాక్యంలో తేల్చేశారు. "దాన్ని చంపలేక నాగావళిలో వదిలేద్దామనుకుంటున్నాం, పుణ్యమైనా వస్తుంది" అని. నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ వాక్యమే. అమ్మా, ఆ పని చెయ్యకండి. రెండంగుళాలప్పుడు అద్దం నాకే ఆ బుద్ధిమంతుడు దక్షిణ అమెరికా చేప. అడుగు దాటి పెరుగుతుంది. ఒంటినిండా పెంకు, రెక్కలకు ముళ్ళు. మన రాష్ట్రంలో చెరువుల్లోకి చేరి జాలర్ల వలలు చింపుతోంది, వాళ్ళు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మట్టిగట్టు చెరువులు మనకెన్ని ఉన్నాయో మీకు తెలుసు. నీరు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. అయ్యకోనేట్లో వేసినా, పెద్దచెరువులో వేసినా, ఊరి బందలో వేసినా ఒకటే. వానలకు అలుగు పొర్లితే గెడ్డలోకి, గెడ్డ నుంచి ఏట్లోకి పోతుంది. 1952లో తిలాపియాను మేలు చేస్తుందనే మన దేశానికి తెచ్చారు. ఈవేళ ఏ మడుగులో వల వేసినా అది పడని చోటు అరుదు, మన సొంత చేపల మేత మీద అది వచ్చి కూర్చుంది. ఒక ప్రాణాన్ని కాపాడానన్న తృప్తి మీకు మిగలవచ్చు. ఆ నదిలోని పరిగెలకూ జెల్లలకూ, వాటి మీద పొట్టపోసుకునే మనుషులకూ ఏం మిగులుతుందో కూడా ఆలోచించండి.

దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యండి. డబ్బు రాకపోయినా ఫరవాలేదు. ఇకమీదట ఏ చేప కొనేటప్పుడైనా ధర అడగడానికి ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఇది పెరిగి ఎంతవుతుంది, పెరిగాక నువ్వు వెనక్కి తీసుకుంటావా అని. మొదటిదానికి జవాబు తెలియకపోయినా, రెండోదానికి తల అడ్డంగా ఊపినా ఆ చేపను అక్కడే వదిలి రండి.